నూట పన్నెండు టక్కులు

“నూట పన్నెండు,” అంది మేష్టారి భార్య, బండి దిగీ దిగగానే.

“ఏమిటి నూట పన్నెండు?”

“టక్కులు. పక్క ఊరికి వెళ్ళొచ్చేసరికి నా హెల్మెట్ వెళ్ళి మీ హెల్మెట్‌కి నూట పన్నెండుసార్లు కొట్టుకుంది. మీరు గేరు మార్చినప్పుడల్లా ఒకటి.”

మేష్టారు బండి వైపు గుర్రుగా చూశారు. “దరిద్రపు గేర్‌బాక్సు!”

ఆయన లెక్కల మేష్టారు. పోయిన నెలే రిటైరయ్యారు. ముప్ఫై ఐదేళ్ళ సర్వీసులో బోర్డు మీద లెక్క ఎప్పుడైనా తప్పిందంటే ఆ తప్పు సుద్దముక్కదే గానీ ఆయనది కాదు. ఇంట్లో పాలు పొంగిపోతే స్టవ్వుది తప్పు. గొడుగు మర్చిపోతే వానది తప్పు.

నలభై రోజులు ఇద్దరూ కలిసి సముద్రం ఒడ్డు వెంబడే తిరగాలని ఆయనకెప్పటి నుంచో కోరిక. అందుకోసం దూరప్రయాణాల బండి ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో కొన్నారు. తీరా చూస్తే ఇదీ సంగతి.

“నేను బస్సులో వస్తానండీ,” అందావిడ. “మీరు బండి మీద రండి. ఏ ఊరికా ఊళ్ళో కలుసుకుందాం. నా మెడ నాక్కావాలి.”

ఆవిడ వెనక లేకపోతే అంత సముద్రాన్ని ఆయనొక్కడూ ఏం చేసుకుంటారు?

మూడు రోజుల్లో గేర్‌బాక్సుల కేటలాగులన్నీ చదివేశారు. పరీక్ష పేపర్లు దిద్దినట్టు ఎర్ర సిరాతో గీతలు కూడా గీశారు. నాలుగో రోజు భార్యను తీసుకుని గ్యారేజీకి వెళ్ళారు.

గ్యారేజీ నడిపేది ఒకమ్మాయి. ఇంజను చప్పుడు స్టెతస్కోపు పెట్టి మరీ వింటుంది కాబట్టి అందరూ డాక్టరమ్మ అంటారు.

“బాబాయిగారూ, ముందు నన్నోసారి నడిపి చూడనివ్వండి. పిన్నిగారూ, మీరు వెనక కూర్చోండి.”

ఒక్క చుట్టు తిరిగొస్తామని వెళ్ళినవాళ్ళు మూడు చుట్లు తిరిగొచ్చారు.

“ఏమంటావమ్మాయ్?”

“ఈ గేర్ల సంగతి తేల్చాల్సిందే బాబాయిగారూ.”

“నే చెప్పలా!” అన్నారు మేష్టారు, భార్య వైపు తిరిగి. ఆవిడ తన హెల్మెట్ అద్దం శ్రద్ధగా తుడుచుకుంటోంది.

మేష్టారు కేటలాగు తెరిచారు. “ఇదిగో, ఆరు గేర్లది. ఆరో గేరులో ఇంజను హాయిగా నిద్రపోతుందట.”

“వద్దండీ. ఇద్దరు మనుషులు, బోలెడు సామాను. ఘాటెక్కేటప్పుడు దాన్నెవరు లేపుతారు?”

“పోనీ, ఈ రేసుల రకం?”

“అది ఈలేస్తూనే ఉంటుంది బాబాయిగారూ. నలభై రోజులు భరించాలి.”

“ముప్ఫై ఐదేళ్ళు ఈయన పాఠాలు భరించాను. ఈల ఒక లెక్కా?” అంది భార్య.

డాక్టరమ్మ మూడో పేజీ తిప్పి వేలు పెట్టింది. “ఇది తెప్పించుకోండి. పళ్ళు ఏటవాలుగా ఉంటాయి, మెత్తగా కలుస్తాయి. గేర్లు మాత్రం ఐదే.”

“ఐదు ఇప్పుడూ ఉన్నాయిగా!” మేష్టారికి ఆరో గేరు మీద మనసు పీకుతోంది.

“అందుకే. మీ కాలికి అలవాటైన లెక్క.”

లెక్క అనేసరికి మేష్టారు మెత్తబడ్డారు. అక్కడికక్కడే ఆర్డరు పెట్టి, గ్యారేజీ చిరునామా ఇచ్చారు.

పది రోజులకి ఫోనొచ్చింది. వెళ్ళేసరికి బండి కడిగి, తళతళలాడుతూ సిద్ధంగా ఉంది. భార్య నేరుగా వెళ్ళి, గోడ పక్కన గోనెపట్టా కప్పిన చెక్కపెట్టె మీద కూర్చుంది.

“కుర్చీ ఉంటే అక్కడెందుకూ?”

“నాకిక్కడే బాగుంది లెండి.”

“పాత గేర్‌బాక్సేదమ్మాయ్? ఓసారి దాని మొహం చూసి నాలుగు తిట్టాలి.”

“ఇప్పుడెందుకు లెండి బాబాయిగారూ, అనవసరంగా బీపీ,” అంది డాక్టరమ్మ. “నే చెప్పేది బాగా వినండి. ఇది బహు సుకుమారం. ముందు యాక్సిలరేటర్ వదలాలి. క్లచ్చి పూర్తిగా పట్టాలి, సగం కాదు. మనసులో ఒకటి అనుకుని అప్పుడు గేరు మార్చాలి. క్లచ్చి మళ్ళీ మెల్లగా వదలాలి, నిద్రపోయిన పాప చేతిలోంచి వేలు తీసుకున్నట్టు. తొందరపడ్డారో, పళ్ళూడతాయి!”

మేష్టారు జేబులోంచి పుస్తకం తీసి అంతా రాసుకున్నారు. స్టాండు మీదే అరగంట సాధన చేశారు.

“రెండువేల కిలోమీటర్లు దాటాక మామూలుగా నడుపుకోవచ్చా?”

“మామూలుగానా!” ఆడవాళ్ళిద్దరూ ఒక్కసారే ఉలిక్కిపడ్డారు.

“వద్దు బాబాయిగారూ, గ్యారంటీ పోతుంది,” అంది డాక్టరమ్మ.

మేష్టారు భార్యను ఎక్కించుకుని ఊరి చివరిదాకా వెళ్ళొచ్చారు. బండి ఆపి, ఊపిరి బిగబట్టి అడిగారు. “ఎన్ని?”

“సున్నా.”

ముప్ఫై ఐదేళ్ళలో ఆయన ఏ సున్నాకీ అంత సంబరపడలేదు. “చూశావా! స్కూటరున్నప్పుడూ ఇదే మొత్తుకున్నాను. దాని గేర్‌బాక్సూ దరిద్రమే!”

“అవునండీ. మీదేం తప్పు లేదు.”

“మరి బస్సో?”

“ఎవరిక్కావాలండీ బస్సు? రేపు తెల్లారగానే బయల్దేరదాం,” అంటూ ఆవిడ ఆయన నడుము చుట్టూ చెయ్యి వేసింది. మేష్టారికి కళ్ళు చెమర్చాయి. దుమ్ముది తప్పు అన్నారు.

యాక్సిలరేటర్ వదిలి, క్లచ్చి పూర్తిగా పట్టి, ఒకటి అనుకుని, గేరు మార్చారు. బండి సాఫీగా సాగిపోయింది.

వాళ్ళు వీధి మలుపు తిరిగాక డాక్టరమ్మ, ఇందాక పిన్నిగారు కూర్చున్న పెట్టె మీది గోనెపట్టా లాగేసి, సీలైనా విప్పని ఆ కొత్త గేర్‌బాక్సును తిరిగి పంపడానికి కంపెనీ చిరునామా రాసింది.