పంతొమ్మిది మిల్లీమీటర్లు

అమ్మ జడ వేస్తోంది. పాప అద్దంలో తన ముఖం చూసుకోవడం లేదు. వెనక కుర్చీలో కాలు మీద కాలేసుకుని కాఫీ జుర్రుకుంటున్న నాన్నను చూస్తోంది.

"క్షమాపణ ఉత్తరం సంచిలో పెట్టుకున్నావా?" అన్నాడు నాన్న.

పెట్టుకుంది. 'ఆఫీసు లెక్కలు దొంగచాటుగా చూసి రాశాను' అని నిన్న ఆయన చెబుతుంటే తనే రాసింది. ఇవాళ దాన్ని తరగతి అందరి ముందూ చదవాలి.

నాన్నది వాన కొలిచే ఉద్యోగం. రోజూ పొద్దున్నే ఊరి చివరి మైదానానికి వెళ్లి, అక్కడి వర్షమాపకం చూసి, ఎన్ని మిల్లీమీటర్లు పడిందో ఆఫీసుకు ఫోన్ చెయ్యాలి. అదే రేడియోలో వస్తుంది. పాప కొలిచేది పెరట్లో. ఆవిరి పైకెళ్లి చల్లబడితే మబ్బవుతుందని, ఆ మబ్బు ఎంత కురిసిందో ఎవరైనా కొలవచ్చని సైన్సు టీచర్ చెప్పింది. పైనా కిందా ఒకే వెడల్పున్న గాజు సీసా, దానికి అంటించిన స్కేలు, ఒక నోటుబుక్కు. అంతే సరంజామా.

నెల తిరిగేసరికి అదే టీచర్ ఆ లెక్కలను రేడియో లెక్కలతో పోల్చి, నోటుబుక్కు బల్ల మీద విసిరికొట్టింది. ఈ వీధిలో పడినంత వాన పక్క వీధిలోనే పడదు, ఊరి చివర పడినంతే మీ పెరట్లో రోజూ ఎలా పడుతుందని నిలదీసింది. పాప ఎంత మొత్తుకున్నా ఇంట్లోనూ నమ్మలేదు. నాన్నయితే రెండు రోజులుగా ఉతికి ఆరేస్తున్నాడు.

"మా వంశంలో ఎవరికీ లేదు ఈ దొంగబుద్ధి," అన్నాడు మళ్లీ.

"పోనీండి, చిన్నపిల్ల," అంది అమ్మ.

"చిన్నప్పుడే తుంచాలి. నేను బురదలో పడి వెళ్లి కొలుచుకొస్తే, ఈవిడ కూర్చున్నచోటే అవే అంకెలు పుస్తకంలోకి ఎక్కించుకుంటుందా?"

ఈ పొద్దున కూడా ఆయన, రోజూలాగే కిటికీలో ఉన్న పాప నోటుబుక్కు తిరగేసి, గొడుగు పట్టుకుని బయల్దేరాడు. పావుగంటలో తిరిగొచ్చాడు. గడపలో విడిచిన చెప్పులకు మట్టి మరకైనా లేదు.

రేడియోలో వాతావరణం మొదలైంది. గడిచిన ఇరవై నాలుగు గంటల్లో పట్టణంలో పంతొమ్మిది మిల్లీమీటర్ల వర్షం పడిందట.

అమ్మ చెయ్యి ఆగిపోయింది. వంగి పాప ఒళ్లోని నోటుబుక్కు చూసింది. అందులోనూ పంతొమ్మిదే.

"చూశావా? మళ్లీ నేను కొలిచి రాసుకొచ్చిన చీటీ చూసేసింది. ఎంత చెప్పినా సిగ్గు లేదు," అన్నాడు నాన్న.

పాప నోటుబుక్కు మూసింది.

"సీసాలో పడింది మూడేనమ్మా. ఇంకా పారబోయలేదు, వెళ్లి చూసుకో. పుస్తకంలో రాసిన పంతొమ్మిది, బళ్లో నా హాజరు నంబరు."

అమ్మ మెల్లగా కుర్చీ వైపు తిరిగేలోపే, నాన్న చెప్పులు వేసుకుని గడప దాటి వెళ్లిపోయాడు.