బల్ల దగ్గర కొంగుముడి

కట్టుకున్న భార్యే ప్రభువు బల్ల దగ్గర మిమ్మల్ని అప్పగిస్తే క్షమిస్తారా?

బెల్లంపల్లి చర్చిలో ప్రభువు రొట్టె పంచే వేళ మహిమ తన భర్త స్టీఫెన్‌ను అలాగే అప్పగించింది. పక్షవాతంతో అతని కుడిచెయ్యి పడిపోయింది. ఎడమచేత్తో రొట్టె అందుకోబోతుంటే, ఆ చేతిని తన కొంగుతో చుట్టి ముడేసింది.

"ఏసయ్యను అప్పగించిన యూదా కన్నా చెడ్డదానివే! సంఘం ముంగట నా ఇజ్జత్ తీస్తవా?"

"ఎంతన్న తిట్టు. ముడి మాత్రం నేనిప్ప."

ఒక్కరూ లేవలేదు. అవమానంతో అతనే ముడిని పీకసాగాడు. మహిమ ఏడ్చేసింది.

"ఏ చేత్తోటి పీకుతున్నవో జూడయ్యా! మంచి చెయ్యిని ఆపితెనే మెదడుకు రెండోది యాదికొస్తదని డాక్టరమ్మ జెప్పలే?"

ముడిమీద కుడిచేతి వేళ్లు కదులుతున్నాయి.

మీ ఇంట్లోనూ పడిపోయిన చెయ్యి ఉందా? జాలిపడి దాన్ని చంపకండి. డాక్టరును అడిగి, మంచి చేతికి ఈరోజే ముడి వేయండి!