ఎండకు పెట్టిన రంగులు

"అక్కా, చెయ్యి దించు. మన కంపెనీ పెద్దాయన చూశాడంటే నీ ఉద్యోగానికి సున్నం కొడతాడు," అంది టర్పెంటైన్.

ఆ పేరు ల్యాబులో అందరూ కలిసి పెట్టింది. రంగును పల్చన చేసే టర్పెంటైన్ నూనెలాగే, ఎంత చిక్కటి మనిషినైనా ఒక్క మాటతో పల్చన చేసేస్తుంది మరి.

తమ కంపెనీ మేడ మీద నిలబడ్డ ఆమె చెయ్యి దించింది గానీ చూపు దించలేదు. రోడ్డుకు ఆవల, పోటీ రంగుల కంపెనీ మేడ మీద, తెల్లకోటు వేసుకున్న ఆయన కూడా ఇటే చూస్తున్నాడు. ఇద్దరూ కెమిస్టులే. కొత్తగా కనిపెట్టిన రంగును రేకుముక్కలకు పూసి, మేడ మీద ఎండకూ వానకూ వదిలి, ఎంత వెలిసిందో రోజూ చూసుకోవడం ఇద్దరి పనీ. ఈ కంపెనీ అమ్మే తెల్లరంగు ఎండకు పచ్చబడదంటే అది ఆమె చలవే.

"పోయినేడు ఒకాయన వాళ్ళతో టీ తాగాడని తెలిసి గోదాములో పడేశారు. మర్చిపోయావా?"

"నేను టీ తాగలేదుగా! చెయ్యి ఊపానంతే."

"ఇంట్లో మొగుణ్ణి పెట్టుకుని ఇదేం పనక్కా?"

ఆమె ఒక రేకును తడిగుడ్డతో తుడుస్తూ ఉండిపోయింది.

ఇంటి సంగతికొస్తే అక్కడ మాటలకే కరువు. ల్యాబు విషయం గుమ్మం దాటనివ్వనని చేరిన రోజే సంతకం పెట్టింది. పొద్దస్తమానం రంగుల్లో మునిగి తేలే మనిషికి ఆ రంగులు తీసేస్తే చెప్పుకోవడానికి ఏం మిగులుతుంది? ఆయన ఉద్యోగానికీ అదే షరతు. ఆయనేమో పేపరు మడతల్లో, తానేమో వంటింట్లో.

"ఉప్పు సరిపోయిందా?"

"ఆఁ."

"ఇంకొంచెం వెయ్యనా?"

"చాలు."

ఆ పూటకు కాపురం అక్కడితో సరి. పెళ్ళయిన కొత్తలో కబుర్లకు పొద్దు చాలేది కాదు. ఆ మనిషి కోసం ఆమె ప్రాణం కొట్టుకునేది.

పొద్దున్నే దణ్ణం పెట్టుకుంటూ దేవుణ్ణి అడిగేది: "మాట తప్పుతున్నానా స్వామీ? నోరయితే విప్పలేదు కదా!" ఆయన పలికేవాడు కాదు. ఆయన చేత కూడా ఎవరో సంతకం పెట్టించుకున్నారేమో అనుకునేది.

ఆ మధ్యాహ్నం పెద్దాయన పిలిచాడు.

"కొత్త పెట్టె వచ్చిందమ్మా. అందులో దీపాలే ఎండ, గొట్టాలే వాన. ఏడాదిలో వెలిసేది వారాల్లో వెలిసిపోతుంది. రేపట్నుంచి మేడకు తాళం."

"ఎంతైనా అసలు ఎండ అసలు ఎండేనండీ. నాలుగు రేకులైనా పైన ఉంచుదాం."

"ఎండ మీద అంత మమకారమేమిటమ్మా? గొడుగు లేకుండా నడువు, కావలసినంత దొరుకుతుంది," అని ఆయన నవ్వేశాడు.

ఆమెకు నవ్వు రాలేదు. రోజంతటిలో ఒక మనిషి తనకోసం ఎదురుచూసే చోటు అదొక్కటే.

సాయంత్రం టర్పెంటైన్‌ను వెంటబెట్టుకుని మేడెక్కింది. ఎదుటి మేడ ఆయన ఎప్పట్లాగే చెయ్యెత్తాడు. ఆమె ఎత్తలేదు. ఒక్కొక్క రేకునే చట్రంలోంచి ఊడదీసి అట్టపెట్టెలో పేర్చింది. ఆయన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. చట్రం బోసిపోయాక విషయం అర్థమైనట్టుంది. కోటు విప్పి గోడ మీద పడేసి, కిందికి రమ్మని వీధివైపు వేలు చూపించాడు.

"అక్కా, కొంప ముంచుకోకు!" టర్పెంటైన్ కొంగు పట్టుకుంది. ఆమె విడిపించుకుని గబగబా మెట్లు దిగింది.

ఆమె గేటు దాటేసరికి ఆయన రోడ్డు దాటి వచ్చేశాడు. రొప్పుతున్నాడు.

"రేపట్నుంచి నిన్నెక్కడ చూడను?" అన్నాడు.

ఆమె కళ్ళు నిండిపోయాయి. వెనక కారు తలుపు పడ్డ చప్పుడైంది. పెద్దాయన.

"ఎవరమ్మా ఈయన? ఎదుటి కంపెనీ కెమిస్టు కదూ?"

ఎవరో దారి అడుగుతున్నారంటే సరిపోయేది. వెనకే దిగొచ్చిన టర్పెంటైన్ పక్కనుంచి అదే చెప్పమని సైగ చేసింది. ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుని తల పైకెత్తింది.

"మా ఆయనండీ."