పన్నెండులోగా ఎర్రబండి

"ఎక్కి కూర్చునేవు సుమా! నీ బరువుకి విరిగి ఊరుకుంటుంది" అంది బసీలియా.

"చూడనివ్వవే. పిల్లను చూడకుండా పెళ్ళి చేసుకుంటారా ఎవరైనా?" అన్నాడు సెవెరినో, మోటారు సైకిల్ మీంచి కళ్ళు తిప్పకుండా.

ఎర్రటి బండి, నల్లటి సీటు. చొక్కా అంచుతో హెడ్‌లైటు తుడిచాడు. మోకాళ్ళ మీద కూర్చుని ముందు చక్రం తిప్పాడు. గిర్రున తిరిగింది. అంతే, మనిషి మనసు పారేసుకున్నాడు.

"చూశావా? హ్యాండిలు కూడా ఎంత మెత్తగా తిరుగుతోందో! వెనకాల రొట్టెల బుట్ట కట్టుకోడానికి చోటు కూడా ఉంది."

"కుడివైపు అద్దం వంకర."

"నా ముక్కూ వంకరే. కాపురం చెయ్యట్లేదూ?"

"అదే ఒకటి చాలు ఇంటికి" అంది బసీలియా. "ఇంతకీ నీకు నడపడం వచ్చా? సైకిలు తొక్కమంటే లామాల మందలోకి తోలినవాడివి."

"పాతికేళ్ళ కిందటి మాట ఇప్పుడెందుకు? అయినా లామాలే అడ్డమొచ్చాయి."

దుకాణం ఆమె పకపకా నవ్వింది. "లైసెన్సు బెంగ అక్కర్లేదన్నా. కాయితాలన్నీ బండితోపాటే ఇస్తాను. పరీక్షా గిరీక్షా ఏమీ లేదు."

"ఇలాంటివాళ్ళకి లైసెన్సులిచ్చే కదమ్మా మన లా పాజ్ ఊళ్ళో రోడ్లు అలా ఏడుస్తున్నాయి!" అంది బసీలియా.

సెవెరినో నవ్వలేదు. చర్చి గడియారం వంక చూశాడు. పన్నెండుకి పావుగంట ఉంది. ఏడాదికొక్క రోజే ఈ సంత. ఇక్కడ ఎవరికి వాళ్ళు కొనుక్కుంటే కలిసిరాదు. అయినవాళ్ళు కొని చేతికివ్వాలి. పన్నెండు కొట్టే వేళకి పూజారి చేత దానికి ధూపం పట్టించాలి. రెంటిలో ఏది తప్పినా మళ్ళీ ఏడాదిదాకా అంతే సంగతులు.

అతనికి ఏడాది ఆగే తీరిక లేదు. ఇరవై రెండేళ్ళుగా తెల్లవారకముందే రొట్టెల బుట్ట వీపున కట్టుకుని, కొండవాడల మెట్లెక్కి దుకాణాలకి చేరవేస్తున్నాడు. మొన్ననే బేకరీ యజమాని తేల్చి చెప్పేశాడు, వచ్చే ఏడు నుంచి బండి ఉన్నవాళ్ళకే రొట్టెలని. బండి లేకపోతే కూడు లేదు.

"కొనిపెట్టవే" అన్నాడు.

"పోయినేడూ ఇలాగే నా ప్రాణం తోడి ఇల్లు కొనిపించుకున్నావు. ఏదీ? ఇంకా ఆ అద్దెగదిలోనే కురుస్తున్న చోటల్లా గిన్నెలు పెట్టుకుంటున్నాం."

"ఇల్లన్నాక ఆలస్యమవుతుంది. బండి అలా కాదు."

"ఏం, చక్రాలున్నాయనా?"

"నీతో మాట్లాడ్డం నాదే బుద్ధితక్కువ" అంటూ సెవెరినో లేవబోయాడు. కుడి మోకాలు సహకరించలేదు. దుకాణం కర్ర పట్టుకున్నాడు. మళ్ళీ ప్రయత్నించాడు. మూడోసారికి గానీ నిలబడలేకపోయాడు. బసీలియా చూడలేదనుకుని, ఏమీ జరగనట్టు ప్యాంటుకంటిన దుమ్ము దులుపుకున్నాడు.

బసీలియా చూసింది. రాత్రిళ్ళు ఆ మోకాలికి కాపడం పెట్టేది ఆవిడేగా! నెత్తిన టోపీ సర్దుకుని గబగబా దుకాణం ఆమె వైపు తిరిగింది.

"ఆ వంకర అద్దానికి ఎంత తగ్గిస్తావ్?"

బేరమాడింది, దెప్పింది, వద్దని రెండడుగులు వేసి తిరిగొచ్చింది. చివరికి పరికిణీ మడతల్లోంచి డబ్బు తీసిచ్చి, బండి మొగుడికి అప్పగించింది.

"ఇదుగో, నీ రెండో పెళ్ళాం. ఇంక నన్ను మర్చిపో."

సెవెరినో బండిని దగ్గరికి తీసుకున్నాడు. కళ్ళు తడయ్యాయి.

"ఏడుపు తర్వాత. ముందు నడు, ఐదు నిమిషాలే ఉంది!"

జనం ఇసకేస్తే రాలకుండా ఉన్నారు. బండికి ఎవరి మోచెయ్యీ తగలకుండా కాచుకుంటూ, "జరగండయ్యా, బండి కొత్తది!" అని అరుస్తూ సెవెరినో దారి చేసుకున్నాడు. ఇద్దరూ రొప్పుతూ పూజారి ముందుకు చేరేసరికి మొదటి గంట మోగింది.

ముసలి పూజారి నిప్పుల మీద ధూపం వేశాడు. బండిని పొగలో ముంచెత్తాడు. పూలరేకులు చల్లి, చక్రాల మీద నాలుగు చుక్కల సారా చిలకరించాడు.

"ఇవాళ చిన్నదిగా ఉన్నది ఏడాది తిరిగేసరికి పెద్దదై మీ గడప తొక్కాలి" అని దీవించాడు.

"తొక్కుతుందా తాతా?" అంది బసీలియా. ఆ గొంతులో ఎగతాళి లేదు.

"నమ్మకం ఉంటే తొక్కుతుందమ్మా."

పన్నెండో గంట కూడా మోగింది. ఇద్దరూ నెమ్మదిగా రోడ్డు మీదికి వచ్చారు. ఆకాశం మబ్బుపట్టింది. సెవెరినో బండిని అటూ ఇటూ తిప్పి చూసుకుని మురిసిపోతున్నాడు. అద్దం కూడా ఇప్పుడంత వంకరగా అనిపించలేదట.

"దీని మీద నిన్నెక్కించుకుని మీ పుట్టింటికి తీసుకెళ్తాను చూడు."

"లామాలు లేని దారి చూసుకో."

వాన చినుకులు మొదలయ్యాయి. అంతలో వాళ్ళ పేటకు పోయే బస్సు వచ్చింది. లోపల కాలు పెట్టే చోటు లేదు. సెవెరినో దిగులుగా ఒకసారి బస్సు వంకా, ఒకసారి బండి వంకా చూశాడు.

"ఈ తొక్కిసలాటలో దీనికేమైనా అయితే?"

"దాని సంగతి నాకొదిలెయ్, నువ్వెక్కు" అంది బసీలియా.

టోపీ తీసి, మోటారు సైకిల్‌ని అందులో పెట్టి, మళ్ళీ నెత్తిన పెట్టుకుంది.