సగం వరకు చాలా బాగుంది

“ఇదేం చోద్యమండీ! ఒక్క మనిషికి ఇన్ని అభిప్రాయాలా?”

లైబ్రేరియనమ్మ అభిప్రాయాల పుస్తకాన్ని పెద్దాయన ముందు దబ్బున పడేసింది.

చదివిన పుస్తకం తిరిగిచ్చేవాళ్ళు అందులో నాలుగు ముక్కలు రాసిపోవాలి. అది ఆవిడ పెట్టిన పద్ధతి. కొత్తవాళ్ళు అది చూసుకునే ఏం చదవాలో తేల్చుకుంటారు. అదంటే ఆవిడకి ప్రాణం.

ఈయనగారు దాన్ని కలగాపులగం చేసి పెట్టాడు.

డిటెక్టివ్ నవల మొదటి భాగం కింద ఆయన చేతిరాతే: “హంతకుణ్ణి పదో పేజీలోనే పట్టేశాను. నాకు పోలీసు ఉద్యోగం ఇవ్వాల్సింది.”

దాని కిందే, అదే చేతిరాత: “అమ్మో! భయమేసి దుప్పటి ముసుగు పెట్టేశాను.”

పల్లెటూరి ప్రేమకథ కింద: “మా ఆయన కూడా పెళ్ళికి ముందు పనీపాటా లేకుండా మా వీధిలోనే తిరిగేవాడు.”

మా ఆయనట! ఇంతేసి మీసాలున్న మనిషి!

పాతకాలపు మహారచయిత జీవితచరిత్ర కింద మరీ అన్యాయం: “సగం వరకు చాలా బాగుంది.” అంతే.

“సగం చదివి అభిప్రాయం రాస్తారా ఎవరైనా?”

“పూర్తి చెయ్యడం కుదర్లేదమ్మా.”

“మీకా?”

“నాకు కాదు. ఇవేవీ నావి కావు. మావాళ్ళు చెప్తారు, నేను రాస్తాను.”

“కార్డు మీదీ, చదివేది ఊరందరూనా? బాగుందండీ సంబడం!”

పెద్దాయన నవ్వాడు. “రెండో భాగం ఒక్కటి ఇప్పించు తల్లీ. హంతకుడెవరో తేలక అక్కడ పెద్ద గొడవగా ఉంది.”

“వచ్చే నెల చూద్దాం.”

“వచ్చే నెలదాకా అందరూ ఆగలేరమ్మా.”

వేళాకోళం చేస్తున్నాడనుకుంది ఆవిడ. ఒళ్ళు మండిపోయింది. కార్డు లాక్కుని సొరుగులో పడేసింది.

“ఇక మీరు రానక్కర్లేదు.”

ఆయన గోడ పట్టుకుని మెల్లగా మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

పదిహేను రోజులైంది. పీడ వదిలిందనుకోవాలి కదా! అనుకోలేకపోయింది.

“ఆ దుప్పటి ముసుగాయన కొత్తగా ఏమీ రాయలేదా?” అని పాఠకులు అడగడం మొదలెట్టారు.

మళ్ళీ తీసి చదివింది. ఒకడు కోతలరాయుడు, ఒకడు పిరికివాడు, ఒకావిడ మొగుణ్ణి తలుచుకుని మురిసిపోతోంది. అన్నీ ఒకే చేతిరాత. బుర్ర గిర్రున తిరిగిపోయింది.

సొరుగులోంచి కార్డు తీసింది. పాత లైబ్రేరియన్ ఇచ్చిన కార్డు. అడ్రసు ఇన్నాళ్ళూ చూడనేలేదు. పెద్దాసుపత్రి, మూడో అంతస్తు.

ఓహో, అక్కడ వార్డులో పనిచేస్తాడు కాబోలు!

మర్నాడు పొద్దున్నే రెండో భాగం సంచిలో పెట్టుకుని బయల్దేరింది.

పొడవాటి గది. మధ్యలో తెర, ఇటు మగవాళ్ళ మంచాలు, అటు ఆడవాళ్ళవి.

ఆవిడ సంచిలోంచి పుస్తకం తీసిందో లేదో మొదటి మంచంలోంచి కేక వినిపించింది.

“రెండో భాగమేనా తల్లీ? తోటమాలే కదూ హంతకుడు? నేను ముందే చెప్పాను!”

“చెప్పకండి బాబోయ్!” అంటూ పక్క మంచం మీది మనిషి దుప్పటి కళ్ళదాకా లాక్కున్నాడు.

“ప్రేమకథ తేలేదా అమ్మాయ్?” తెర అవతల్నించి ఓ ముసలి గొంతు.

లైబ్రేరియనమ్మకి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. ఎంత మాట అన్నాను ఆ మనిషిని! కాళ్ళమీద పడైనా సరే, క్షమించమని అడగాలనుకుంది.

నర్సు దగ్గరికి పరిగెత్తింది.

“సిస్టర్, వీళ్ళకి పుస్తకాలు చదివి వినిపించే ఆయనేరీ? ఇవాళ డ్యూటీ లేదా?”

నర్సు అర్థంకానట్టు ఆవిడ వంకా, పరుపు చుట్టేసి ఉన్న చివరి మంచం వంకా చూసింది.

“డ్యూటీ ఏమిటండీ? మొన్న సోమవారం దాకా ఈ వార్డులో లేచి నడవగలిగిన పేషెంటు ఆయనొక్కడే.”