రూపాయిన్నర మొక్క

"అమ్ము అని నొక్కుతుంటే అమ్ముడవదేంటే ఇది!"

జోగేశ్వరరావు బొటనవేలు అరిగిపోయేలా ఫోను పొడుస్తున్నాడు. నర్సరీ పాకలో ఒకటే ఉక్క. పెళ్ళి వీడియో తీసుకుంటామని వేసవిలో తోటకి వచ్చినవాళ్ళెవరో ఇచ్చిన ఆకుపచ్చ టోపీ తీసి మొహం తుడుచుకున్నాడు. మళ్ళీ పెట్టుకుని మళ్ళీ పొడిచాడు.

గులాబీ అంట్లకి నీళ్ళు పడుతున్న అతని భార్య రామతులసి పైపు చేత్తోనే పట్టుకుని వచ్చింది. "ఫోను పాడైందాండీ?"

"ఫోను బానే ఉంది. కొనేవాడే లేడు. లోయర్ సర్క్యూట్ అంట."

"అంటే?"

"షేరు ధర ఇవాళ్టికి ఇంతకన్నా కిందకి పడనివ్వరు. ఆ ధరకి అమ్ముతామని అందరూ వరసలో నిలబడ్డారు. కొంటానన్నవాడు ఒక్కడు లేడు. నిన్నా ఇదే, మొన్నా ఇదే."

"షేర్లేంటండీ? మనకెక్కడివి?"

ఇక దాచి లాభం లేదనుకున్నాడు. "పర్ణధార ఆగ్రో అని... తోట కౌలు డబ్బంతా అందులో పెట్టేశానే."

రామతులసి చేతిలో పైపు జారిపోయింది. నీళ్ళు పాకలోకి పారుతున్నా ఇద్దరిలో ఒక్కరూ కదల్లేదు. కౌలు కట్టాల్సింది ఇవాళే. స్థలం గలావిడ మీనాకుమారి గారు రాజమండ్రిలో బయల్దేరానని ఇందాకే ఫోను చేశారు. ఈసారి డబ్బు అందకపోతే తోట పక్క నర్సరీవాళ్ళకి ఇచ్చేస్తానని ఆవిడ ముందే కచ్చితంగా చెప్పేశారు.

"మీకేమైనా మతి పోయిందాండీ? తోట పోతే ఈ మొక్కలన్నీ నెత్తిన పెట్టుకుని ఎక్కడికి పోతాం?"

"రూపాయిన్నరే షేరు, తులసీ! ఉత్త రూపాయిన్నర! రోజూ పైకే వెళ్ళింది. వారంలో రెట్టింపవుతుందని వాట్సాప్ షేర్ల గ్రూపులో ఒకటే పోరు. చిన్న మొక్క చవగ్గా కొని, కుండీ మార్చి, పెరిగాక అమ్మడమేగా మన పని? ఇదీ అంతేననుకున్నా."

పాపం, నర్సరీల ఊరు కడియంలో పుట్టినవాడికి చవకది ఏది చూసినా రేపు పెరిగే మొక్కలాగే కనిపిస్తుంది. అయితే మొక్క కొనేటప్పుడు వేరు చూడకుండా పైసా ఇవ్వడీ మనిషి. షేరు దగ్గర మాత్రం ధర ఒక్కటే చూశాడు. రోజుకి ఎన్ని షేర్లు చేతులు మారుతున్నాయో చూడలేదు. ముక్కూ మొహం తెలియనివాళ్ళు దాన్ని అంతగా ఎందుకు పొగుడుతున్నారో అడగలేదు. వాళ్ళేమో తమ దగ్గరున్న షేర్లన్నీ ఇలాంటివాళ్ళకి అంటగట్టి, గ్రూపు మూసేసుకుని చక్కా పోయారు.

బయట కారు ఆగింది. మీనాకుమారి గారు చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, నీళ్ళు దాటుకుంటూ లోపలికి వచ్చారు.

"ఏంటి జోగేశ్వరరావూ, పాకలో వరి నాటుతున్నారా?"

ఏదో ఒక అబద్ధం చెబుదామనే నోరు తెరిచాడు. కానీ ఆవిడ బడిలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ఆ కళ్ళద్దాలు చూసేసరికి నిజమంతా దానంతటదే బయటికొచ్చేసింది.

ఆవిడ కోప్పడలేదు. అందుకే అతనికి ఇంకా భయమేసింది.

"ఇంతకీ ఆ కంపెనీ ఏం చేస్తుంది?"

"అదేనండి... ఆగ్రో అండి. మన లైనేనండి."

"ఏం పండిస్తుంది? ఎక్కడ పండిస్తుంది?"

జోగేశ్వరరావు టోపీ సవరించుకున్నాడు.

"సరే, అదేదో ఇప్పుడే చూడండి," అన్నారావిడ కుర్చీ లాక్కుని. "నిజంగా తోటలూ మొక్కలూ ఉన్న కంపెనీ అయితే ఇవాళ కాకపోతే రేపైనా లేస్తుంది. పంట చేతికొచ్చేదాకా ఆగినట్టు నేనూ ఆగుతాను. ఉత్త బోర్డు కంపెనీ అయితే మాత్రం నన్నేమీ అనుకోకు. తోట ఖాళీ చేసెయ్యి."

రామతులసి ఫోను లాక్కుని వెతికింది. కంపెనీవాళ్ళు పెట్టిన వీడియో ఒకటి దొరికింది. ముగ్గురూ దానిమీదకి వంగారు.

ఆకాశంలోంచి తీసిన వీడియో. తెర నిండా పచ్చదనం. వరసలు వరసలుగా పామ్ మొక్కలు, వాటి పక్కన షేడ్ నెట్లు, ఆ పక్కన విరగబూసిన గులాబీలు. "ఇది మా పర్ణధార సొంత తోట," అంది వీడియోలో గంభీరమైన గొంతు.

జోగేశ్వరరావుకి పోయిన ప్రాణం లేచొచ్చింది. "ఉందండి! తోట ఉందండీ! చూశారా ఆ గులాబీలు! ద్రాక్షారామం భీమేశ్వరుడు చల్లగా చూశాడండి!" అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

మీనాకుమారి గారు కూడా మెత్తబడ్డారు. "నిజమేనయ్యా, ముచ్చటగా ఉంది. పెంచినవాడెవడో పనిమంతుడు. సర్లే, కౌలుకి కొన్నాళ్ళు గడువిస్తాను."

"మీ రుణం తీర్చుకోలేనండి!" అని చేతులు జోడించాడతను.

రామతులసి మాత్రం ఒకసారి తెర వంక, ఒకసారి పాక బయటికి చూస్తోంది.

"ఈ తోటని కంటికి రెప్పలా కాపాడుతున్న మా మేనేజరు గారు వీరే," అంది గొంతు.

తెరమీద ఆకుపచ్చ టోపీ పెట్టుకుని, పళ్ళన్నీ కనబడేలా నవ్వుతూ చెయ్యూపుతున్నది జోగేశ్వరరావే.