పన్నెండో ఫోను

“ఒప్పుకోలేదు మావయ్యా,” అన్నాడు దిలీప్, ఫోను చూస్తూ.

“ఎవులు?” అన్నాడు పరదేశి.

“ఈ ఫోను చేసిన కంపెనీవోళ్లు. ఆళ్ల యాప్‌ల కొట్లోంచి వచ్చింది తప్ప ఇంకో యాప్ ఇకమీదట ఇందులో నడవదట. కొట్లో పెట్టాలంటే ముందు పన్నెండు మంది వాళ్ల వాళ్ల ఫోన్లలో రెండు వారాలు విడవకుండా వాడాలట. లేదంటే అత్త యాప్ ఆగిపోద్ది.”

“ఫోను మనం కొన్నాం. గొంతు మీ అత్తది. మధ్యన ఆళ్ల పెత్తనం ఏటిరా?”

గుమ్మంలో కూర్చున్న పరదేశి భార్య నరసమ్మ ఇద్దరి మొహాలూ చూసింది. గొంతు ఆపరేషన్ తర్వాత ఆమెకు మాట లేదు. ఆపరేషన్‌కు ముందు, ఆమె రోజూ అనే మాటలన్నీ దిలీప్ ఫోనులో పట్టి ఉంచాడు. అతను కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతాడు. అతను తయారుచేసిన యాప్‌లో ఇప్పుడు బొమ్మ నొక్కితే ఆమె గొంతే పలుకుతుంది. చెంబు నొక్కితే “నీళ్లియ్యి.” కంచం నొక్కితే “కూడు తిన్నావా?” మేక నొక్కితే “ఒసే సిన్నతల్లీ, నీ మేకని కట్టుకోయే!”

ఆ మేక పక్కింటి చిన్నతల్లిది. గోడ దూకి వచ్చి బీరపాదు మేసేది. గోడకు అటొకరూ ఇటొకరూ నిలబడి రోజూ తగువాడుకునేవారు. ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి మేక రాలేదు. బీరపాదు పందిరంతా అల్లుకుంది.

“కాపలా ఉండాల పరదేశీ,” అన్నాడు అప్పుడే వచ్చిన హరిబాబు. అతను ఆర్టీసీలో కండక్టరు. “మా బావమరిది ఎక్కడిదో యాప్ ఎక్కించుకున్నాడు. ఇంట్లో ఫొటోలన్నీ ఎవడి చేతికో పోయేయి.”

“దొంగల్ని ఆపమను. మా ఇంటిదాన్ని ఆపడమేటి?”

“సరేలే, కోప్పడకు. నన్ను రాసుకో దిలీపూ, నేనొకణ్ణి.”

దిలీప్ వీధివాళ్ల వాట్సాప్ గ్రూపులో సంగతి రాసి, యాప్ లింకు పెట్టాడు. సాయంత్రానికి పదకొండు మంది తేలారు.

“ఇంకొకరు కావాలి. సిన్నతల్లిని అడగనా?” అన్నాడు దిలీప్.

“దాన్నా? దాన్ని తిట్టే తిట్టే అందులో ఉంది కదరా! వింటే ఇంటికొచ్చి కొడతాది.”

రాత్రికల్లా టీకొట్టు శివాజీ కూడా కలిశాడు. పన్నెండయ్యారు.

ఆ తర్వాత చోడవరంలో నరసమ్మ గొంతు ఎక్కడ పడితే అక్కడ వినిపించింది. మాడుగుల బస్సులో హరిబాబు బొమ్మ నొక్కితే, “దారియ్యరా, ఏటలా నిలబడ్డావ్!” అనేది. ఫుట్‌బోర్డు మీదివాళ్లు ఉలిక్కిపడి లోపలికి జరిగేవారు. టీచరమ్మ వాగ్దేవి తరగతిలో నొక్కితే, “నోర్ముయ్యండొరే!” అనేది. టీచరమ్మ నోట ఎన్నడూ అలాంటి మాట ఎరగని పిల్లలు గప్‌చుప్ అయ్యేవారు. శివాజీ కొట్టు దగ్గర ఎవరు బేరం ఆడినా “ఏడిశావులే!” అనే జవాబు.

ఆపరేషన్ తర్వాత గుమ్మం దాటని నరసమ్మ, ఒకనాడు తన గొంతు వినబడిన వైపే నడుచుకుంటూ టీకొట్టు దాకా వెళ్లింది. శివాజీ లేచి స్టూలు వేశాడు. ఆమె చెంబు బొమ్మ నొక్కింది. నవ్వింది కూడా. వెనకే వచ్చిన పరదేశి మొహం తిప్పుకుని కండువాతో కళ్లు తుడుచుకున్నాడు.

ఇంకొక్క రోజులో గడువు ముగుస్తుందనగా హరిబాబు వచ్చి తల వంచుకుని నిలబడ్డాడు. వడ్డాది సంతలో అతని ఫోను పోయింది.

“పదకొండే మిగిలేయి,” అన్నాడు దిలీప్. “మళ్లీ మొదట్నుంచీ రావాలి.”

నరసమ్మ ఫోను పక్కన పెట్టి లోపలికి వెళ్లిపోయింది. ఆ పూట ఏ బొమ్మా నొక్కలేదు.

మర్నాడు సాయంత్రం దిలీప్ పరుగున వచ్చి, నరసమ్మ ఫోను తీసుకుని ఏదో నొక్కి చూశాడు.

“అత్తా! ఒప్పుకున్నారు! ఇక ఆగదు. పన్నెండూ సరిపోయేయి.”

“హరిబాబు ఫోను దొరికిందేటి?” అన్నాడు పరదేశి.

“లేదు. ఎవరో మొదటిరోజే లింకు నొక్కి ఎక్కించుకున్నారు. పన్నెండయ్యేరు కదాని నేనే మరి చూళ్లేదు. పేరు కనబడదు గానీ, ఏ బొమ్మ నొక్కేరో తెలుస్తాది. రోజూ పొద్దున్నే ఒక్కసారి, ఒకే బొమ్మ.”

“ఎవులైతేనేం, సల్లగుండాల. గ్రూపులో అందరికీ దండాలని రాయి. ఆ కంపెనీవోళ్లకీ ఒకటి రాయరా. పన్నెండు మంది కావాలని అడగబట్టే కదా, ఇంతమంది ఉన్నారని తెలిసింది.”

దిలీప్ తన ఫోనులో రాసి పంపాడు. నరసమ్మ ఫోను అతని ఒళ్లోనే ఉంది. నరసమ్మ రెండు చేతులూ జోడించి ఉంది.

గోడ అవతలి నుంచి నరసమ్మ గొంతు గట్టిగా వినిపించింది: “ఒసే సిన్నతల్లీ, నీ మేకని కట్టుకోయే!”